అణు రియాక్టర్ల లోహాలపై అమ్మాయి ఎంటెక్: భయపడాలా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. అమ్మాయి మెటలర్జీలో బీటెక్ చేసింది, గేట్‌తో ఎంటెక్ సీటొచ్చింది. అణు రియాక్టర్ల హీట్ ఎక్స్‌ఛేంజర్లలో (ఒకచోటి వేడిని మరోచోటికి అందించే పరికరాల్లో) వాడే నికెల్ మిశ్రలోహాలు అధిక వేడికి ఎలా ఆక్సీకరణం చెందుతాయో ప్రాజెక్టు చేస్తానంటోంది. బంధువులంతా అమీర్‌పేటలో ఏఐ కోర్సు చేయించమంటున్నారు. ఏది మేలు? పెళ్లి కావాల్సిన పిల్ల, రేడియేషన్ అంటే భయంగా ఉంది.

జవాబు: మీ ఆఖరి మాటే అసలు ప్రశ్న, ముందు దాని సంగతి చూద్దాం. మీ వైపు పెద్దగట్టు, లంబాపూర్ యురేనియం తవ్వకాల గొడవ చూసినవాళ్లకు అణు అన్న మాట వింటేనే గుండె దడ. నల్లమలలో తవ్వకాలు వద్దని 2019లో అసెంబ్లీయే తీర్మానించింది, ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. కానీ మీ అమ్మాయి చేయబోయే ప్రయోగాల్లో యురేనియం ఉండదు, రేడియేషన్ ఉండదు. గోరంత లోహపు ముక్కను పాలిష్ పట్టి, తూచి, 950 డిగ్రీల ఫర్నేస్‌లో వందల గంటలు ఉంచి మళ్లీ తూస్తారు. పెరిగిన బరువును బట్టి ఎంత ఆక్సిజన్ పట్టిందో తెలుస్తుంది. ఆ ముక్కను కోసి మైక్రోస్కోప్ కింద పెడితే పైన పల్చటి క్రోమియం ఆక్సైడ్ పొర, దాని కింద చెట్టు వేళ్లలా లోపలికి దిగిన అల్యూమినియం ఆక్సైడ్ కనిపిస్తాయి.

ఇలాంటి నికెల్ మిశ్రలోహాల్లో ఒకటైన అల్లాయ్ 617లో దాదాపు 22 శాతం క్రోమియం ఉంటుంది. లోహాన్ని కాపాడేది ఆ పైపొరే. హీలియంతో చల్లబరిచే రియాక్టర్లలో చిక్కంతా ఆ వాయువులో లేశంగా ఉండే నీటి ఆవిరి, కార్బన్ మోనాక్సైడ్, మీథేన్‌లతోనే. వాటి పాళ్లు తప్పితే, బాగా వేడి మీద ఆ పొర లోహంలోని కార్బన్‌తోనే చర్య జరిపి నాశనమవుతుంది. కార్బన్ పోయిన లోహం క్రమంగా బలం కోల్పోతుంది. చాలా మంచి సమస్య ఇది!

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. మన దేశంలోని భారజల (హెవీ వాటర్) రియాక్టర్లు నడిచేది సుమారు 300 డిగ్రీల దగ్గరే, కాబట్టి కేవలం ఈ అంశం మీద ఉద్యోగాలు తక్కువ. అయితే ఈ విద్య అక్కడితో ఆగదు. దామరచర్లలో కట్టిన యాదాద్రి లాంటి థర్మల్ ప్లాంట్లలో బాయిలర్ ట్యూబుల లోపల ఆక్సైడ్ పెచ్చులూడి అడ్డం పడితే ట్యూబు వేడెక్కి పగులుతుంది. దాన్ని ముందే పసిగట్టేది ఈ చదువు చదివినవాళ్లే. హైదరాబాద్‌లోనే మిధాని (ప్రత్యేక మిశ్రలోహాల సంస్థ), ఎన్‌ఎఫ్‌సీ (అణు ఇంధన కర్మాగారం), డీఎంఆర్‌ఎల్ (రక్షణ శాఖ లోహ పరిశోధనశాల), ఏఆర్‌సీఐ (పదార్థాల పరిశోధన సంస్థ) ఉన్నాయి. పోస్టులు కొన్నే, పోటీ గట్టిగానే ఉంటుంది. అయినా అమ్మాయి గేట్ దాటిందని మరిచిపోకండి.

ఏఐ కోర్సుల మీద నాకు అనుమానాలున్నాయి. మూడు నెలల్లో నేర్పేది ఎక్కువగా టూల్స్ వాడకం, ఆ టూల్స్ ఏడాది తిరిగేసరికి మారిపోతున్నాయి. ఒకే సర్టిఫికెట్‌తో బ్యాచ్‌లకు బ్యాచ్‌లు బయటికొస్తుంటే, ఇంటర్వ్యూలో "నీకు ఇంకేం వచ్చు?" అని అడుగుతారు. అప్పుడు చెప్పుకోవడానికి మీ అమ్మాయికి ఒక విద్య చేతిలో ఉంది, దాన్ని వదిలించి పంపుతారా? పైథాన్ (ఏఐలో వాడే కోడింగ్ భాష) కావాలంటే తన ప్రయోగాల లెక్కల మీదే నేర్చుకుంటుంది.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. ఉత్తరంలో బంధువులు ఏమన్నారో రాశారు, రేడియేషన్ భయం రాశారు. ఆ ప్రాజెక్టు ఎందుకు ఇష్టమో అమ్మాయిని అడిగినట్టు మాత్రం ఎక్కడా లేదు. నాలుగేళ్లు ఫీజులు కట్టిన తండ్రి ఆ ఒక్క మాట అడగకపోతే ఎలా? ఈరోజే కూర్చోబెట్టి అడగండి. తను మీకంటే స్పష్టంగా ఆలోచిస్తోందని నా నమ్మకం. డబ్బు టెన్షన్ కూడా వద్దు, గేట్‌తో చేరినవాళ్లకు నెలకు రూ.12,400 స్టైపెండ్ ఉంది.

చేరే ముందు గైడ్‌ను రెండు సంగతులు అడగమనండి. వాయువుల పాళ్లు అదుపు చేసే ఫర్నేస్ ల్యాబ్‌లో ఉందా, మామూలు గాలిలోనే చేయాలా? ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ మీద టైమ్ ఎన్నాళ్లకు దొరుకుతుంది? గాలిలో చేసినా థీసిస్ అవుతుంది గానీ, హీలియంలో ఏం జరుగుతుందో దాంతో తేలదు.