రైఫిల్ రేంజిలో ఒక రోజు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: తాతల కాలంలో కరీంనగర్ వైపు నుంచి వచ్చి బల్లార్‌షాలో స్థిరపడిన కుటుంబం మాది. మా అబ్బాయి తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాళే పతకం గెలిచినప్పటి నుంచి రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటానని పట్టుబట్టడంతో ఒక క్లబ్బులో చేర్పించాము. ఆదివారం పొద్దున వెళ్ళినవాడు సాయంత్రానికి వస్తాడు. ఎన్ని కాల్చావని అడిగితే నలభై అంటాడు. మొన్న ఒక కార్డు తెచ్చి చూపించాడు. అందులో ఒక్క పది కూడా లేదు, అన్నీ ఎడమపక్క కిందికి, ఏడు దగ్గర ఒకేచోట పడ్డాయి. అయినా కోచ్ మెచ్చుకున్నారట. రోజంతా అక్కడ ఏం నేర్పుతున్నారు? మా డబ్బు వృథా కావడం లేదు కదా?
— ఒక తండ్రి, బల్లార్‌షా, చంద్రపూర్ జిల్లా

జవాబు: కోచ్ గారు మెచ్చుకోవలసిన దాన్నే మెచ్చుకున్నారు. నేర్చుకునే పిల్లవాడికి రోజుకు నలభై పెల్లెట్లు, అంటే గాలి ఒత్తిడితో పనిచేసే ఎయిర్ రైఫిల్‌లో కాల్చే చిన్న సీసపు గుళ్ళు, తక్కువేమీ కాదు. పెద్దల పోటీలో సైతం పది మీటర్ల ఎయిర్ రైఫిల్ అర్హత దశలో కాల్చేది అరవై పెల్లెట్లే, ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద అందుకు ఇచ్చే సమయం గంటా పదిహేను నిమిషాలు. రేంజిలో గడిచే రోజులో ఎక్కువ భాగం ట్రిగ్గర్ నొక్కడానికి ముందూ తర్వాతా జరిగే పనికే పోతుంది, నేర్చుకునేదంతా దాదాపు అక్కడే ఉంది.

ముందు ఆ కార్డు సంగతి చూద్దాం. దాని మీద ఒకదానిలో ఒకటిగా ఉండే వలయాలకు పాయింట్లుంటాయి, నట్టనడుమ పడితే పది, బయటికి పోయేకొద్దీ తొమ్మిది, ఎనిమిది, ఏడు, అలా తగ్గుతాయి. పది మీటర్ల టార్గెట్‌లో నల్లటి వృత్తం మొత్తం వ్యాసం 30.5 మిల్లీమీటర్లు, దాని నడుమ పదికి గుర్తుగా ఉండేది 0.5 మిల్లీమీటరు చుక్క మాత్రమే, అంటే మీరు చదువుతున్న ఈ వాక్యం చివర అచ్చయిన చుక్కంత. పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు కనుక రంధ్రం అంచు ఆ చుక్కను తాకినా పది కిందే లెక్క, అయితే అందుకు రంధ్రం మధ్యభాగం కార్డు కేంద్రానికి రెండున్నర మిల్లీమీటర్ల లోపల ఉండాలి. మీ అబ్బాయి పెల్లెట్లు ఏడు దగ్గర పడ్డాయంటే అవి కేంద్రానికి సుమారు ఎనిమిది, తొమ్మిది మిల్లీమీటర్ల దూరంలో ఉన్నాయన్నమాట. కానీ అన్నీ ఒకేచోట పడ్డాయి. అతని ఒళ్ళు, ఊపిరి, చూపు, వేలు ప్రతిసారీ ఒకే విధంగా పనిచేశాయనడానికి అదే సాక్ష్యం. రైఫిల్ వెనక సైట్‌కు, అంటే గురి చూసే అమరికకు, ఉండే రెండు మరలను కొన్ని క్లిక్కులు పైకీ కుడికీ తిప్పితే ఆ గుంపు మొత్తం నడిమికి జరుగుతుంది. అదే కార్డులో ఒకటి పదిలోనూ, ఒకటి ఐదులోనూ, మరొకటి నలుపు దాటి తెలుపులోనూ పడి ఉంటే ఏ మర తిప్పినా ప్రయోజనం ఉండదు. ఇంటి దగ్గర మనం పదులు లెక్కపెడతాం, కోచ్ మాత్రం గుంపు ఎంత వెడల్పుందో చూస్తారు. గుంపు ఆకారం కూడా ఆయనకు కబురు చెబుతుంది: నిలువుగా సాగితే ఊపిరి ఒకే చోట ఆగడం లేదని, అడ్డంగా సాగితే నిలుచున్న తీరులోనో వేలు నొక్కే తీరులోనో తేడా ఉందని ముందుగా అనుమానిస్తారు.

ఇక రోజు ఎలా గడుస్తుందంటారా? మందపాటి క్యాన్వాసు, తోలు కలిపి కుట్టిన జాకెట్ తొడిగి, బెల్టులు బిగించి, రైఫిల్ లేకుండానే నిలబడటంతో పొద్దు మొదలవుతుంది. చంద్రపూర్ ఎండ నలభై అయిదు డిగ్రీలు దాటే మే నెలలో ఆ జాకెట్‌లో నిలబడటమే ఒక పరీక్ష, కాబట్టి ఎండాకాలంలో అసలు అభ్యాసాన్ని ఉదయం పూటే ముగించే క్లబ్బు దొరికితే అదృష్టమనుకోవాలి. తర్వాత ఖాళీ రైఫిల్ ఎత్తిపట్టి, ఎడమ మోచేతిని నడుము ఎముక మీద ఆనించి, బరువంతా కండరాల మీద కాకుండా ఎముకల మీద నిలిచేలా సర్దుకుంటారు. గురి పెట్టి కళ్ళు మూసుకుని, రెండు మూడు ఊపిరులు తీసి, మళ్ళీ తెరిచి చూస్తారు. సైట్ టార్గెట్ మీద నుంచి పక్కకు జరిగి ఉంటే చేత్తో రైఫిల్‌ను లాగి తెచ్చుకోకూడదు, పాదాలు జరుపుకోవాలి. కొత్తవాళ్ళు చాలామంది ఇక్కడే తప్పుతారు. చేత్తో లాగిన రైఫిల్ ట్రిగ్గర్ కదిలే క్షణంలో తన పాత చోటికి పోతుంది.

ఒక్క పెల్లెట్ కాల్చే క్రమాన్ని దగ్గర నుంచి చూడండి. ఊపిరి పీల్చి, సగం వదిలి, ఆపుతారు. వెనక సైట్ చిన్న రంధ్రంలో నుంచి ముందు సైట్ వలయం, ఆ వలయంలో నల్లటి వృత్తం, దాని చుట్టూ అన్ని వైపులా సమానంగా సన్నటి తెల్లటి అంచు కనబడాలి. చూపు నిలపవలసింది ముందు వలయం మీద, కార్డు కాస్త మసకగా కనిపించినా ఫర్వాలేదు. ట్రిగ్గర్ తేలికగా కదిలే మొదటి దశ వరకు వేలు వచ్చి ఆగుతుంది, ఆపై ఒత్తిడి నెమ్మదిగా పెరుగుతుంది. ఏడెనిమిది సెకన్లలో పని కాకపోతే కన్ను అలసి, ఒళ్ళు ఊగడం మొదలవుతుంది కనుక రైఫిల్ దించి మళ్ళీ మొదలుపెట్టాలి. దించడానికి సిగ్గుపడని పిల్లవాడు బాగుపడతాడని నా అభిప్రాయం. పెల్లెట్ వెళ్ళాక కూడా ఒకటి రెండు సెకన్లు అదే భంగిమలో ఉండి, అది ఎక్కడ పడి ఉంటుందో తానే ముందు చెప్పుకుని, ఆ తర్వాతే కార్డు చూసి పుస్తకంలో రాసుకోవాలి. ఇలా చేస్తే నలభై పెల్లెట్లకు పూట గడిచిపోవడంలో వింతేముంది?

కుసాళే పేరు ఎత్తారు కనుక ఒక మాట. కొల్హాపూర్ జిల్లా నుంచి వచ్చిన ఆయన 2009లో మహారాష్ట్ర ప్రభుత్వ క్రీడా ప్రబోధినిలో చేరారు, 2024లో పారిస్‌లో యాభై మీటర్ల రైఫిల్ మూడు భంగిమల పోటీ ఫైనల్లో 451.4 పాయింట్లతో కాంస్యం గెలిచారు. మోకాలి మీద కూర్చుని, బోర్లా పడుకుని, నిలబడి కాల్చే పోటీ అది. ఆ రెండు తేదీల మధ్య పదిహేనేళ్ళు ఉన్నాయి.

డబ్బు విషయంలో నా సలహా ఇది: ఏడాది వరకు రైఫిల్ కొనకండి, క్లబ్బుదే వాడనివ్వండి. ఎదిగే వయసు కనుక జాకెట్ కూడా వాడినదే, ఒంటికి సరిగ్గా పట్టేది చూసి తీసుకోండి. పెల్లెట్లు సీసంతో చేసినవి కాబట్టి, టిఫిన్ డబ్బా తెరిచే ముందు సబ్బుతో చేతులు కడుక్కుంటున్నాడో లేదో మాత్రం ఈ ఆదివారమే అడగండి.

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ మొదటి సంవత్సరం, ఎన్‌సీసీలో ఉంది. వచ్చే నెల మొదటిసారి పాయింట్ టూటూ రైఫిల్‌తో ఫైరింగ్‌కు తీసుకువెళతారట. భుజానికి దెబ్బ తగులుతుందేమో, ఏదైనా ప్రమాదం జరుగుతుందేమో అని ఇంట్లో అత్తగారు కంగారు పడుతున్నారు. నాకూ లోపల కాస్త భయంగానే ఉంది.
— ఒక తల్లి, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: భుజం గురించి అత్తగారికి ధైర్యం చెప్పండమ్మా. ఆ తూటా వ్యాసం 5.6 మిల్లీమీటర్లు, బరువు రెండున్నర గ్రాముల పైచిలుకు మాత్రమే. రైఫిల్ బరువు ముందు అది భుజాన్ని వెనక్కి తోసే బలం ఎంతో కాదు. చప్పుడు మాత్రం చెవిలో గింగురుమంటుంది కనుక చెవుల్లో ప్లగ్గులు పెట్టుకోవాలి, అక్కడ ఇవ్వకపోతే మందుల దుకాణంలో కొని పంపండి.

ప్రమాదం సంగతి తేలికగా తీసుకోవలసింది కాదు. ఆ చిన్న తూటాయే అడ్డు లేకపోతే కిలోమీటరున్నరకు పైగా పోగలదు. టార్గెట్ల వెనక ఎత్తైన మట్టి గట్టు, చుట్టూ ఎర్ర జెండాలు, ముందుకు ఎవరైనా నడిచినంతసేపు ఎవరూ రైఫిల్ ముట్టుకోకూడదన్న కట్టడి, ఇవన్నీ అందుకే. ఎన్‌సీసీ ఫైరింగ్‌లో ఆదేశాలు హిందీలో ఉంటాయి. ఇంట్లో తెలుగు, కాలేజీలో ఒడియా మాట్లాడే పిల్ల 'భర్' అంటే తూటా ఎక్కించమనీ, 'ఖాలీ కర్' అంటే ఖాళీ చేయమనీ ముందే చెవికి అలవాటు చేసుకుంటే మంచిది. ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోతే కంగారుపడి బోల్టు లాగకూడదు, రైఫిల్ వెనక్కి తిప్పి చూడకూడదు. గొట్టం టార్గెట్ వైపే ఉంచి, చెయ్యి ఎత్తి, అక్కడి అధికారి వచ్చేదాకా ఆగాలి. ఇది మాత్రం రెండుసార్లు చెప్పి పంపండి.

మిగతాది బోర్లా పడుకుని కాల్చడమే కాబట్టి నిలబడి కాల్చడం కన్నా చాలా తేలిక. మోచేతుల కింద గులకరాళ్ళు ఉంటే ముందే తీసేసుకోమనండి, ఆ చిన్న నొప్పికే చెయ్యి కదులుతుంది. మొదటిసారి ఇచ్చే నాలుగైదు తూటాలతో చూసేది కూడా గుంపే, అన్నిటికన్నా దూరంగా పడిన రెండు రంధ్రాల మధ్య కొలతే. పై జవాబులో చెప్పినదే ఇక్కడా వర్తిస్తుంది.

ప్రశ్న: ఎయిర్ రైఫిల్ కొని పెరట్లో గోడకు కార్డు అంటించి సాధన చేయాలని ఉంది. లైసెన్సు కావాలా?
— ఒక యువకుడు, రాయగడ

జవాబు: 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం గొట్టం లోపలి వ్యాసం 4.5 మిల్లీమీటర్లు, పెల్లెట్ బయటికి వచ్చే శక్తి 20 జౌళ్ళు మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కరలేదు. పాయింట్ టూటూ అయితే తప్పకుండా కావాలి, దానికి ఇరవై ఒక్క ఏళ్ళు నిండి ఉండాలి.

అయితే గోడకు కార్డు అంటించే ఆలోచన మానుకోండి. సీసపు పెల్లెట్ ఇటుక మీద, రాతి మీద చితికి వెనక్కి ఎగిరి కంట్లో పడుతుంది. లోతైన చెక్కపెట్టెలో పాత గుడ్డలు గట్టిగా కుక్కి, దాని ముందు కార్డు పెట్టండి. కళ్ళద్దాలు పెట్టుకోండి, వెనక దారి గానీ పక్కింటి వాకిలి గానీ లేని వైపు చూసుకోండి. మీరు కొనేది స్ప్రింగుతో పనిచేసే రకమైతే పెల్లెట్ లేకుండా వట్టి రైఫిల్ కాల్చి సాధన చేయవద్దు. గాలి ఒత్తిడికి అడ్డు లేక లోపలి పిస్టన్ నేరుగా ముందుకు గుద్దుకుని సీలు పాడవుతుంది. పిట్టల మీద గురి చూడాలన్న సరదా మన వైపు పల్లెల్లో ఇంకా పోలేదు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది జైలు దాకా తీసుకుపోగల నేరం.

పోటీకి విశాఖ వైపు రైలులో తీసుకువెళ్ళవలసి వస్తే పెల్లెట్లు వేరే సంచిలో పెట్టి, రైఫిల్‌ను కవరులో మూసి, కొన్న బిల్లు, గుర్తింపు కార్డు, పోటీ నిర్వాహకుల ఉత్తరం పైజేబులో ఉంచుకోండి. స్టేషనులో పోలీసులు ఆపితే కవరు మీరే విప్పకుండా ముందు కాగితాలు చూపించండి.