ఐసెల్ ఒడ్డున సైకిల్ యాత్ర: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి ఉద్యోగరీత్యా నెదర్లాండ్స్‌లో ఉంటోంది. వచ్చే వేసవిలో నేనూ మా ఆవిడా అక్కడికి వెళ్ళినప్పుడు ఆర్నెమ్ నుంచి కాంపెన్ దాకా ఐసెల్ నది వెంట సైకిళ్ళ మీద వెళ్ళాలనుకుంటున్నాము. మా ఇద్దరికీ 50 దాటాయి. రోజూ ఉదయం 15 కిలోమీటర్లు తొక్కే అలవాటు ఉంది. దారంతా చదునే కనుక రెండు రోజుల్లో ముగించవచ్చని మా అల్లుడు అంటున్నాడు. అది సాధ్యమేనా? ఏ చివర నుంచి బయలుదేరితే మంచిది?

జవాబు: సాధ్యమే గానీ, అలా చేయవద్దనే నా సలహా. మీ అల్లుడుగారి లెక్కలో దూరం సరిగానే ఉంది. రైన్ నది నుంచి ఆర్నెమ్ దగ్గర చీలి ఉత్తరంగా ప్రవహించే ఈ పాయ పొడవు సుమారు 125 కిలోమీటర్లు. ఆ లెక్కలోకి రానిది గాలి. మీరు గంటకు 18 కిలోమీటర్ల వేగంతో తొక్కుతున్నప్పుడు ఎదురుగాలి కూడా 18 కిలోమీటర్ల వేగంతో వీస్తే, మీ ఒంటిని వెనక్కి నెట్టే బలం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. పైగా అక్కడ సైకిల్ దారి చాలాచోట్ల కరకట్ట నెత్తిమీద సాగుతుంది. కనుచూపుమేరా పచ్చికబయళ్ళు తప్ప అడ్డుగా ఒక చెట్టయినా ఉండదు కనుక గాలి ఏ వైపు నుంచి వచ్చినా నేరుగా మీ మీదికే వస్తుంది. కొండదారిలో ఎక్కుడు ఎంత కష్టమైనా శిఖరం కనిపిస్తూ ఉంటుంది, ఆ తరువాత దిగుడు వస్తుంది. ఎదురుగాలికి శిఖరమూ లేదు, దిగుడూ లేదు.

చదును నేలలో పెడల్ ఆపే సందర్భమే రాదన్నది ఇంకొక ఇబ్బంది. రోజుకు 15 కిలోమీటర్లలో తెలియని ఈ సంగతి 50 కిలోమీటర్లు దాటాక అరచేతుల తిమ్మిరిగా, సీటు దగ్గర ఒరిపిడిగా తెలిసివస్తుంది. పావుగంటకొకసారి సీటు మీద నుంచి లేచి పది పదిహేను తొక్కులు తొక్కి, హ్యాండిల్ మీద చేతుల చోటు మార్చుకుంటే చాలావరకు తగ్గుతుంది. గాలి మరీ విసిగిస్తే కరకట్ట దిగి, దాని వెనుక ఊళ్ళ మీదుగా పోయే రోడ్డు పట్టుకోండి. దూరం కొంచెం పెరిగినా ఇళ్ళు, చెట్ల కంచెలు గాలిని అడ్డుకుంటాయి.

ఇక ఏ చివర నుంచి అన్న ప్రశ్నకు: ఆర్నెమ్ నుంచే బయలుదేరండి. ఆ దేశంలో ఎక్కువగా వీచేది నైరుతి గాలి, నది పారేది ఉత్తరానికి. అందువల్ల ఎక్కువ రోజుల్లో గాలి మీ వెన్ను తట్టి పంపుతుంది. అయితే బయలుదేరే ముందురోజు రాత్రి వాతావరణ సూచన తప్పక చూడండి. ఉత్తరపు గాలి అని ఉంటే సైకిళ్ళతో సహా రైల్లో కాంపెన్ వెళ్ళి అక్కడ నుంచి వెనక్కి తొక్కుకుంటూ రావడంలో నామోషీ ఏమీ లేదు. ఆర్నెమ్, జుట్ఫెన్, డేవెంటర్, జ్వోలె ఊళ్ళను కలిపే రైలు మార్గం నదికి సమీపంగానే సాగుతుంది, జ్వోలె నుంచి కాంపెన్‌కు చిన్న శాఖా మార్గం ఉంది. కాబట్టి ఎక్కడ అలసిపోతే అక్కడ మానుకోవచ్చు.

నన్నడిగితే దీనికి నాలుగు రోజులు కేటాయించండి: మొదటి రోజు జుట్ఫెన్ వరకు సుమారు 45 కిలోమీటర్లు, రెండో రోజు డేవెంటర్ వరకు 20, మూడో రోజు హాట్టెమ్ లేదా జ్వోలె వరకు 40, చివరి రోజు కాంపెన్ వరకు మిగిలిన 20. రెండో రోజు మరీ తక్కువని మీ అల్లుడుగారు నవ్వవచ్చు. జుట్ఫెన్‌లో వాల్‌బర్గిస్ చర్చిని ఆనుకుని 1560లలో కట్టిన గ్రంథాలయం ఉంది; అందులో పుస్తకాలు నేటికీ ఇనుప గొలుసులతో చదువుబల్లలకు బిగించే ఉన్నాయి. చదువరి ఏ బల్ల దగ్గర పుస్తకం ఉంటే ఆ బల్ల దగ్గరికే వెళ్ళి చదువుకోవాలి. గొలుసులోని ఒక్కొక్క కొక్కెం చూస్తూ నేను అక్కడ గడిపిన సమయంలో డేవెంటర్ చేరిపోయి ఉండవచ్చు. సందర్శన వేళలు పరిమితం కనుక ముందే తెలుసుకుని వెళ్ళండి.

ఈ ఊళ్ళు ఇంత చెక్కుచెదరకుండా మిగలడానికి కారణం ఒక విధంగా వాటి దురదృష్టమే. డేవెంటర్, జుట్ఫెన్, కాంపెన్ మధ్యయుగంలో ఉత్తర ఐరోపా వర్తక నగరాల కూటమి అయిన హాన్సాలో సభ్యులుగా ఉండి బాగా సంపాదించాయి. తరువాత నదిలో ఇసుక మేటలు వేసి పెద్ద ఓడలు రావడం కష్టమైంది, వర్తకం ఆమ్‌స్టర్‌డామ్ వైపు మళ్ళింది, కొత్తగా కట్టుకునే డబ్బు లేక పాతవే నిలిచిపోయాయి. డేవెంటర్ సంతబజారులో 1528లో కట్టిన తూకపు భవనం ఇంకా ఉంది. ఆ ఊరిని ముందు ఎదుటి ఒడ్డు నుంచి చూసి, మనుషులనూ సైకిళ్ళనూ దాటించే చిన్న పడవలో నది దాటి లోపలికి వెళితే బాగుంటుంది; వర్తకులు చూసిన ముఖం అదే కదా. కాంపెన్‌లో ఊరికీ రైల్వే స్టేషన్‌కూ మధ్య నది ఉంటుంది కనుక, తిరుగు రైలుకు గంట ముందే వంతెన దాటి వెళ్ళి, ఆవలి ఒడ్డున కూర్చుని కోటద్వారాన్నీ నదీముఖాన్నీ తీరిగ్గా చూడండి. 15వ శతాబ్దపు సరుకు ఓడ ఒకటి అక్కడికి దగ్గరలోనే నది అడుగున దొరికింది. దానిని 2016 ఫిబ్రవరిలో నీటిపైకి ఎత్తారు.

దారిలోని పొలాల గురించి ఒక్క మాట. నదికీ పెద్ద కరకట్టకూ మధ్యనున్న పచ్చికనేల మన లంక భూముల వంటిది. వేసవిలో ఆవులు మేస్తాయి, శీతకాలపు వరదలో నీట మునుగుతుంది. 1995 ఆరంభంలో వచ్చిన వరదలకు ఆ దేశపు నదీ ప్రాంతాల నుంచి సుమారు 2,50,000 మందిని ఖాళీ చేయించవలసి వచ్చింది. ఆ తరువాత కరకట్టలను ఇంకా ఎత్తు పెంచుకుంటూ పోవడానికి బదులు కొన్నిచోట్ల వాటినే వెనక్కి జరిపి, నదికి చోటు ఇవ్వడం మొదలుపెట్టారు. డేవెంటర్ దాటాక ఫేసెన్, వాపెన్‌వెల్డ్ ఊళ్ళ మధ్య పొలాలకు రెండు వైపులా కట్టలు చూసి అయోమయపడకండి. వరద ఎక్కువైనప్పుడు నీరు మళ్ళించడానికి సిద్ధం చేసిన కాలువ అది, మిగతా కాలమంతా సాగుభూమే.

ప్రశ్న: అక్కడ సైకిల్ దారులకు పేర్లు కాక అంకెలు ఉంటాయని విన్నాను. ఫోన్ లేకుండా దారి కనుక్కోవచ్చా?

జవాబు: నిశ్చింతగా కనుక్కోవచ్చు. సైకిల్ దారులు కలిసే ప్రతి కూడలికీ ఒక సంఖ్య ఉంటుంది. అక్కడ నిలబెట్టిన పటంలో చుట్టుపక్కల కూడళ్ళు కనిపిస్తాయి, తరువాతి సంఖ్య వైపు బాణం గుర్తు ఉంటుంది. పొరుగున ఉన్న బెల్జియంలో హ్యూగో బొలెన్ అనే గని ఇంజనీరు ఈ పద్ధతిని ఆలోచించాడు, అక్కడి లింబర్గ్‌లో 1995లో మొదలైంది. ఆ రోజుకు కావలసిన సంఖ్యలను వరుసగా కాగితం మీద రాసి హ్యాండిల్‌కు అతికించుకుంటే చాలు. సిరా కలంతో మాత్రం రాయకండి. ఒకసారి చినుకులకు నా కాగితం మీది 67 చెదిరి 61గా కనిపించి, పాడిపశువుల కొట్టం వాకిట్లో తేలాను. ఒకే సంఖ్య వేర్వేరు ప్రాంతాల్లో మళ్ళీ మళ్ళీ వస్తుంది కనుక, వరుసను వదిలి ఒక్క సంఖ్యనే పట్టుకుని వెళ్ళకూడదు. ఫోన్ తీసుకువెళ్ళినా నడుపుతూ చేత్తో పట్టుకోకండి. 2019 జూలై 1 నుంచి సైకిల్ మీద అది జరిమానా పడే నేరం.

ప్రశ్న: సైకిల్‌ను రైలెక్కించడానికి ఏమైనా నిబంధనలున్నాయా? అద్దె సైకిల్ తీసుకునేటప్పుడు ఏం చూసుకోవాలి?

జవాబు: మడత సైకిల్‌ను మడిచి పట్టుకుంటే టికెట్ అక్కరలేదు, మామూలు సైకిల్‌కు విడిగా టికెట్ కొనాలి. సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం 6.30 నుంచి 9 దాకా, సాయంత్రం 4 నుంచి 6.30 దాకా దానిని ఎక్కించనివ్వరు. జూలై, ఆగస్టు నెలల్లో ఈ వేళల పట్టింపు లేదు.

అద్దె సైకిల్‌కు చదును నేలే కదా అని గేర్లు లేనిది ఒప్పుకోకండి, ఎదురుగాలికి అవి కావాలి. చాలా డచ్చి సైకిళ్ళకు చేతి బ్రేకు ఉండదు, పెడల్‌ను వెనక్కి తొక్కితే చక్రం ఆగుతుంది. అలవాటు లేనివారు మలుపు దగ్గర మామూలుగా పెడల్‌ను వెనక్కి తిప్పబోయి ఉన్నట్టుండి ఆగిపోతారు. అద్దెకిచ్చే చోటే ఖాళీ జాగాలో అరగంట తొక్కి చూసి, కాలికి అలవడకపోతే చేతి బ్రేకులున్న సైకిల్ ఇమ్మని అడగండి.