గేదె కంట్లో పువ్వు: శుక్లం కాదు, ముందు ఆ చుక్కలు ఆపండి

ప్రశ్న: మా ముర్రా గేదె ఈని మూడు నెలలైంది. పది రోజులుగా ఎడమ కంట్లో నీరు కారుతోంది, ఎండలోకి తీసుకెళ్తే కన్ను తెరవడం లేదు. ఇప్పుడు నల్లగుడ్డు మీద తెల్లగా పువ్వు వేసింది. పెద్దవాళ్లు చెబితే ఉప్పు, పొగాకు నమిలి కంట్లో ఊశాం. తర్వాత మందుల షాపులో ఇచ్చిన చుక్కలు వేస్తే రెండు రోజులు ఎరుపు తగ్గింది, మళ్లీ ఎక్కువైంది. శుక్లమేమో, ఆపరేషన్ చేయించాలా?
– ఒక పాడి రైతు, తెనాలి మండలం, గుంటూరు జిల్లా

జవాబు: ఇది శుక్లం కాదు. శుక్లం కంటి లోపల, పాప వెనక వస్తుంది. దానికి నీరు కారదు, నొప్పి ఉండదు. మీ గేదెకు కంటి పైపొర మీద పుండు పడింది. వరిగడ్డి నలుసో, వడ్ల ఊకో గుచ్చుకుని మొదలై ఉంటుంది. దాని మీద ఉప్పు, పొగాకు పడేసరికి పుండు పెద్దదైంది. ఆ పని ఇంకెప్పుడూ చేయకండి.

షాపులో ఇచ్చిన మందు పేరు మీరు రాయలేదు. సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్‌లలో ఏది ఉన్నా ఈ పూటే ఆపేయండి. ఎరుపు తగ్గి మళ్లీ తిరగబెట్టిందన్నారు కాబట్టి నా అనుమానం దాని మీదే. ఇవి స్టెరాయిడ్లు. వాపును, ఎరుపును అణిచి తగ్గినట్టు చూపిస్తాయి, అడుగున పుండును మాననివ్వవు. అది లోతుకు దిగితే గుడ్డు పగిలి కన్నే పోతుంది. పశువును చూడకుండా, కంటిరెప్ప ఎత్తకుండా కౌంటర్ మీద నుంచి చుక్కలు అమ్మేవాళ్లను డాక్టర్లనుకోకండి. మనుషులకు వాడే క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ గొట్టాలు కూడా అలాగే అంటగడుతున్నారు. పాడి పశువులకు ఆ మందును ప్రభుత్వం 2025లో నిషేధించింది.

రేపే పశువైద్యశాలకు తీసుకెళ్లండి, కదల్చలేకపోతే సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేయండి. ఫ్లోరెసీన్ అనే రంగు చుక్క వేయమని అడగండి. పుండు ఉన్నచోట ఆకుపచ్చగా మెరుస్తుంది, రెండు నిమిషాల పని. మత్తు చుక్కలు వేసి, కంటి లోపలి మూలలో ఉండే మూడో రెప్ప ఎత్తి చూడమని కూడా చెప్పండి. నలుసు చాలాసార్లు ఆ రెప్ప వెనకే ఇరుక్కుంటుంది. దారం ముక్కల్లా కదిలే తెల్లటి కంటిపురుగులూ అక్కడే దొరుకుతాయి. అవి ఉంటే తీసేయాలి. పాలిచ్చే గేదెకు సొంతంగా పురుగుల మందు ఐవర్‌మెక్టిన్ వేయించకండి, పాలలోకి దిగుతుంది.

డాక్టరు చూసేదాకా లీటరు నీళ్లు మరిగించి, చల్లార్చి, సరిగ్గా 9 గ్రాముల ఉప్పు కలిపి, రోజుకు మూడుసార్లు కన్ను కడగండి. పొడి ఉప్పు నమిలి ఊయడానికీ దీనికీ చాలా తేడా ఉంది. పుండు ఖాయమైతే స్టెరాయిడ్ లేని సిప్రోఫ్లోక్సాసిన్ 0.3 శాతం చుక్కలు, నాలుగు గంటలకోసారి రెండు మూడు చుక్కలు, కనీసం 7 రోజులు వేయాలి. నొప్పికి అట్రోపిన్ అవసరమా అనేది డాక్టరు చెప్పాలి. పుండు లోతుగా ఉంటే మూడో రెప్పను కంటికి అడ్డంగా కుట్టాల్సి వస్తుంది. ఆ పని గన్నవరం పశువైద్య కళాశాలలో చేయించుకోవచ్చు.

కొట్టంలో ఇంకో పశువుకూ ఇలాగే నీరు కారుతుంటే అది ఈగల ద్వారా అంటుకునే కండ్లకలక. దానికి లాంగ్ యాక్టింగ్ ఆక్సీటెట్రాసైక్లిన్, మి.లీ.కు 200 మి.గ్రా. ఉన్నది, 100 కిలోల బరువుకు 10 మి.లీ. చొప్పున కండకు ఇప్పించాలి. ఒకచోట 10 మి.లీ. మించకూడదు. 72 గంటల తర్వాత రెండో డోసు. సీసా మీద రాసిన, పాలు వాడకూడని రోజులు దాటేదాకా ఆ పాలు కేంద్రానికి పోయవద్దు. రెండు కళ్లూ ఒకేసారి తెల్లబడి, జ్వరం వచ్చిపోతూ, గేదె గుండ్రంగా తిరుగుతుంటే అది సర్రా, అంటే రక్తంలో చేరే పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బు. అప్పుడు చుక్కలతో కాలం వృథా చేయకుండా రక్తపరీక్ష చేయించండి.

తెల్లమచ్చ పలచబడడానికి వారాలు పడుతుంది, కొద్దిగా మిగిలినా పాలకు నష్టం లేదు. అప్పటిదాకా గేదెను నీడలో కట్టండి. గడ్డిని వామిలోంచి నేరుగా దూసుకుని తిననివ్వకండి. తల పైకెత్తి లాగినప్పుడే నలుసులు కంట్లో రాలతాయి. దులిపి, తొట్టిలో తల కిందికి ఉండేలా వేయండి.