యోగా టీచర్ అవుదామని ఉంది, జాబ్ మానేయొచ్చా?

ప్రశ్న: నాకు 34 ఏళ్ళు. ఎనిమిదేళ్ళుగా యోగా చేస్తున్నా, ఇక నువ్వు నేర్పించడం మొదలుపెట్టు అని మా టీచర్ అంటున్నారు. నెల రోజులు అక్కడే ఉండి చేసే 200 గంటల టీచర్ ట్రైనింగ్ ఒకటి చూశా, ఫీజు మా ఇంటి మూడు నెలల ఖర్చంత అవుతుంది. ఆఫీసులో నెల సెలవు కుదరదన్నారు, అందుకే రిజైన్ చేసేసి పూర్తిగా ఇందులోకే వచ్చేద్దామా అని ఆలోచిస్తున్నా. 14 నెలల ఖర్చులకి సరిపడా సేవింగ్స్ ఉన్నాయి, హోమ్ లోన్ నడుస్తోంది, అమ్మ నా దగ్గరే ఉంటుంది. సేవింగ్స్ ముట్టుకోకుండా ఫీజుకి పర్సనల్ లోన్ పెట్టుకుంటే నయమా? ఇంకోటి, యోగా నేర్పి డబ్బులు తీసుకోవడం తప్పేమో అని కూడా లోపల పీకుతోంది.

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానండీ, ఫీజు గురించి అంత రాశారు గానీ కోర్సు అయ్యాక ఏంటి అన్నది ఒక్క ముక్క కూడా లేదు. మిమ్మల్ని తప్పుపట్టట్లేదు, నా దగ్గరికి ఈ ప్రశ్నతో వచ్చేవాళ్ళందరూ ఇంతే, ఫీజు కళ్ళకి కనపడుతుంది కాబట్టి దాని చుట్టూనే తిరుగుతారు. అసలు ఖర్చు మాత్రం సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజు నుంచి రెండేళ్ళు.

మీరు లెక్కంతా నెల ఖర్చుల్లో రాయడం నాకు భలే నచ్చింది, నేనూ అదే కొలతలో చెప్తా. ఒక్క రోజు కూడా సిక్ అవ్వని, సెలవు తీసుకోని యోగా టీచర్ ఉండరు, కాబట్టి ఏడాదికి 52 వారాలు అనుకోకండి, 44 వేసుకోండి. వారానికి 12 క్లాసులు చెప్తే ఏడాదికి 528, అంటే నెలకి 44. వచ్చినదాంట్లో పావు వంతు ట్యాక్స్‌కి, ఇన్సూరెన్స్‌కి, రిటైర్మెంట్‌కి, మళ్ళీ మీరు నేర్చుకోడానికి పక్కన పెట్టాలి కదా, అది తీసేస్తే 44 క్లాసుల్లో ఇంటికొచ్చేది 33 క్లాసుల డబ్బే. అంటే ఒక్కో క్లాసుకి మీ నెల ఖర్చులో 33వ వంతు వస్తేనే ఇల్లు గడుస్తుంది.

ఇప్పుడు మీ టీచర్ని మొహమాటం లేకుండా అడగండి, కొత్తగా చేరినవాళ్ళకి స్టూడియో క్లాసుకి ఎంతిస్తుంది అని. ఉదాహరణకి అది మీ నెల ఖర్చులో 100వ వంతే అనుకోండి, ఇల్లు నడవాలంటే నెలకి 133 క్లాసులు కావాలి, వారానికి 36. ఎవరి ఒళ్ళూ దానికి ఒప్పుకోదు. పైగా గంట క్లాసంటే గంట కాదు, ముందు రోజు సీక్వెన్స్ (ఏ ఆసనం తర్వాత ఏది అని) రాసుకోవడం, వెళ్ళి రావడం, క్లాసయ్యాక భుజం నొప్పి అంటూ ఆగినావిడతో పావుగంట, అన్నీ కలిపితే రెండున్నర గంటలు ఈజీగా పోతాయి.

సరే, రిజైన్ చేసి ఆ నెల రోజుల కోర్సుకి వెళ్ళారనే అనుకుందాం. 14 నెలల్లో ఆరు నెలలది ఎమర్జెన్సీ ఫండ్, అమ్మగారు మీ మీద ఆధారపడి ఉన్నారు కాబట్టి అది కదపకూడదు. మిగిలింది ఎనిమిది. ఫీజుకి మూడు పోయాయి, మీరు అక్కడున్న నెల కూడా ఇక్కడ ఈఎంఐ, కరెంట్ బిల్లు ఆగవు కాబట్టి ఇంకొకటి (ఇది ఎవరూ లెక్కెయ్యరు). నాలుగు మిగిలాయి. మొదట్లో వారానికి ఆరు క్లాసులు దొరికితే అదృష్టమే, ఆ 100వ వంతు రేటులో పావు తీసేశాక నెల ఖర్చులో ఆరోవంతు వస్తుంది. మిగతాది సేవింగ్స్ నుంచే. కోర్సు అయిన ఐదో నెలకల్లా ఎమర్జెన్సీ డబ్బు మీద చెయ్యి పడుతుంది, సరిగ్గా అప్పుడే ఫీజు బాగుందని మీకు నచ్చని బ్యాచ్‌లన్నిటికీ ఊ కొట్టడం మొదలవుతుంది.

పర్సనల్ లోన్ సంగతి, వద్దు. ఈఎంఐ వచ్చే నెల నుంచే మొదలు, క్లాసు ఆదాయం ఎప్పుడు మొదలవుతుందో ఎవరికీ తెలీదు. మీ సేవింగ్స్‌కి వచ్చే వడ్డీ కంటే లోన్ మీద కట్టే వడ్డీ ఎలాగూ ఎక్కువే.

మరి కోర్సు మానెయ్యాలా అంటే అస్సలు కాదు, వీకెండ్ కోర్సు చూడండి. అవే 200 గంటలు, నెల రోజుల్లో పెడితే రోజుకి ఎనిమిది గంటల దాకా పోతుంది, 40 వారాలకి పరిస్తే వారానికి ఐదు గంటలు. జీతం ఆగదు, ఫీజు వాయిదాల్లో కట్టొచ్చేమో అడగొచ్చు. డబ్బు పక్కన పెట్టినా, శనివారం విన్నది సోమవారం పొద్దున మీ మ్యాట్ మీద చేసి చూసుకుని, బుధవారం మళ్ళీ తప్పు చేసి, వచ్చే శనివారం దాని గురించే అడగడం అనేది నెల రోజుల కోర్సులో కుదరదు. పతంజలి కూడా అభ్యాసం గట్టిపడాలంటే చాలా కాలం, మధ్యలో ఆపకుండా, శ్రద్ధగా చెయ్యాలి అనే అన్నాడు. నెలనెలా దాచుకోమని డబ్బు సలహాలిచ్చే మేం చెప్పేది కూడా అచ్చం ఇదే కదండీ అని మా యోగా టీచర్‌తో ఒకసారి అన్నా, ఆవిడ నవ్వలేదు.

ఏ కోర్సైనా డబ్బు కట్టే ముందు ఒక్కటి మాత్రం గట్టిగా అడగండి, ఈ 200 గంటల్లో నేను లేచి నిలబడి అసలు మనుషులకి నేర్పేది ఎన్ని గంటలు, అప్పుడు పక్కన ఉండి నన్ను చూసి తప్పులు చెప్పేది ఎవరు అని. రిఫండ్ రూల్ కాగితం మీద ఇమ్మనండి. యోగా అలయన్స్ గుర్తింపు ఉంది అని చెప్తారు, మంచిదే, కానీ అది 1999 నుంచి ఉన్న, యోగా టీచర్ల పేర్లు నమోదు చేసుకునే ఒక రిజిస్ట్రీ, గవర్నమెంట్ లైసెన్స్ కాదు, మీ పేరు అందులో ఉండాలంటే ఏటా ఫీజు కట్టాలి, అదీ ఆ పావు వంతులోంచే. వాళ్ళ లెక్కలోనే చూడండి, 200 గంటల కోర్సు చేసినవాళ్ళు ‘ఎక్స్‌పీరియన్స్‌డ్’ అనిపించుకోవాలంటే కోర్సు అయ్యాక కనీసం రెండేళ్ళు, 1000 గంటలు నేర్పి ఉండాలి. వారానికి 12 క్లాసులైతే రెండేళ్ళు, మూడే అయితే ఏడున్నరేళ్ళు. జాబ్ చేస్తూ చేస్తే మీది ఈ రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది, ఉండనివ్వండి.

ఒంటి సంగతి కూడా డబ్బు సంగతే. కొత్త టీచర్లు ప్రతి ఆసనం తామే చేసి చూపిస్తారు, అదీ ఎప్పుడూ ఒక వైపే, కుడి పక్క చూపించి ఎడమ పక్కకొచ్చేసరికి లేచి అందర్నీ సరిచేస్తూ తిరుగుతారు. రోజుకి మూడు క్లాసులు అలా ఏడాది చేశాక ఆ ఒక్క తుంటే నొప్పి పెడుతుంది, ఆ వారం క్లాసు లేదు, డబ్బూ లేదు. నోటితో చెప్పి చేయించడం నేర్చుకోండి, మీ సంపాదనని కాపాడేది అదే. ఇంకో వైపు నుంచి నా అనుభవం, కొన్నేళ్ళ కింద ఒక కొత్త టీచర్ నేను ముందుకి వంగి ఉంటే ఇంకొంచెం ఇంకొంచెం అంటూ వీపు మీద చెయ్యేసి నొక్కేసరికి తొడ వెనక కండరం పట్టేసి మూడు నెలలు కుంటుతూ నడిచా. నేను గొడవ పెట్టలేదు, పెట్టేవాళ్ళుంటారు. అందుకే మొదటి క్లాసుకి ముందే లయబిలిటీ ఇన్సూరెన్స్, అంటే మీ క్లాసులో ఎవరికైనా దెబ్బ తగిలి పరిహారం అడిగితే కాపాడే పాలసీ, తీసుకోండి.

డబ్బులు తీసుకోవడం తప్పా అన్నారు. నాకైతే తప్పనిపించదు. యోగాలో చెప్పే అస్తేయం అంటే దొంగతనం చెయ్యకపోవడం, మీ టైమ్‌ని మీ అమ్మగారి నుంచి తీసి ఊరికే ఇచ్చేస్తూ ఉంటే అది ఎవరి సొమ్ము? ఉచితంగా చెప్పాలనుంటే వారానికి ఒక క్లాసు పూర్తిగా ఉచితం అని పెట్టండి, మిగతావి ఫుల్ రేటు. అన్నీ సగం రేటుకి చెప్తే అది సేవా కాదు, సంపాదనా కాదు, పైగా దాని మీదే బతికే పక్క టీచర్ కడుపు కొట్టినట్టు.

పది క్లాసుల ప్యాక్ అని అడ్వాన్స్ తీసుకుంటారు కదా, ఆ డబ్బు మీది కాదు, చెప్పిన క్లాసుకి చెప్పినంతే మీది. వేరే అకౌంట్‌లో పెట్టి క్లాసు అయ్యాకే తీసుకోండి. ఇందులో కాళ్ళు జారినవాళ్ళని చాలామందిని చూశా, తీసుకున్నది ఖర్చైపోయి తర్వాతి రెండు నెలలు ఊరికే చెప్తూ కూర్చుంటారు.

సొంత స్టూడియో ఆలోచన మాత్రం కొన్నేళ్ళు పక్కన పెట్టండి. పేరున్న యోగా గురువు బీకేఎస్ అయ్యంగార్ 1937లో ఆరు నెలలకని పూణే వెళ్ళి అక్కడే ఉండిపోయి ఇబ్బందులు పడుతూ నేర్పించారు, అక్కడ ఆయన ఇన్‌స్టిట్యూట్ తెరిచింది 1975లో. మీకు 38 ఏళ్ళు ఆగమనట్లేదు, అద్దె కట్టడానికి స్టూడెంట్స్‌ని వెతుక్కునే పరిస్థితి తెచ్చుకోవద్దంటున్నా. ముందు స్టూడెంట్స్, తర్వాతే గది.

కాబట్టి నా ప్లాన్ ఇది, వీకెండ్ కోర్సు, ఫీజు చేతిలో ఉన్న డబ్బుతో, లోన్ లేకుండా. అవుతుండగానే తెలిసినవాళ్ళు ఇద్దరు ముగ్గురికి చెప్పడం మొదలుపెట్టండి. కోర్సు అయ్యాక వారానికి మూడు నాలుగు క్లాసులు ఆఫీసుకి ముందో తర్వాతో. ఆ పావు తీసేశాక మిగిలేది వరసగా ఆరు నెలలు మీ నెల ఖర్చులో మూడోవంతు దాటితే అప్పుడు ఆఫీసులో పార్ట్‌టైమ్ అడగండి, మూడింట రెండొంతులు దాటాక రిజైన్ మాట మాట్లాడదాం. అప్పటికి మీ క్లాసులకి ఎవరు మళ్ళీ మళ్ళీ వస్తున్నారో, ఎవరు రెండుసార్లొచ్చి మానేస్తున్నారో మీకే తెలిసిపోయి ఉంటుంది, నేను చెప్పక్కర్లేదు.

ఒకటి మీరు రాయలేదు, అమ్మగారి హెల్త్ ఇన్సూరెన్స్ మీ ఆఫీసు పాలసీలోనే ఉందా? ఉంటే కోర్సు ఫామ్ నింపే ముందు ఆవిడకి విడిగా ఒక పాలసీ తీసుకోండి, పాత జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది (అది అయ్యేదాకా వాటికి క్లెయిమ్ ఇవ్వరు), ఆ గడువు ఏదో మీ జాబ్ ఉండగానే గడిచిపోవాలి.