24 వేల ఓడ బల్ల మీద నిలబడేసరికి ఎంతవుతుంది?

ప్రశ్న: నా వయసు 31. కాకినాడలో ఉంటాం. జీతం చేతికి 46,000 వస్తుంది. భార్య, రెండేళ్ల పాప ఉన్నారు. ఖర్చులన్నీ పోను నెలకు ఐదారు వేలు మిగులుతాయి. అత్యవసరాలకని ఎఫ్‌డీలో 90,000 ఉంచాను. క్రెడిట్ కార్డు మీద 22,000 బాకీ ఉంది, నెలనెలా మినిమం డ్యూ కడుతున్నాను. టర్మ్ పాలసీ లేదు. చిన్నప్పటి నుంచి అంతరిక్ష నౌకలంటే ప్రాణం. జపాన్‌లో ఒకాయన సొంతంగా పోతపోసి అమ్ముతున్న నౌక రెజిన్ కిట్ చూశాను (రెజిన్ అంటే అచ్చులో పోస్తే గట్టిపడే ద్రవం; దాని ముక్కల్ని మనమే అతికించి, రంగు వేసి నమూనా ఓడ చేసుకోవాలి). రవాణాతో కలిపి 24,000. కొన్నే చేశారట, అయిపోతాయేమోనని టెన్షన్. కార్డు మీద కొని మెల్లగా కట్టుకోవచ్చా? ఇదే నా మొదటి కిట్. మా ఆవిడ ‘బొమ్మకు అంత డబ్బా’ అంటోంది.

జవాబు: ఓడ కొనుక్కోవద్దని చెప్పను. కార్డు మీద మాత్రం కొనకండి. మొదటి కిట్‌గా దీన్ని అసలు కొనకండి.

ముందు కార్డు సంగతి. నెలకు 3.5 శాతం వడ్డీ అనుకుంటే 22,000 మీద 770 రూపాయలు, దాని మీద జీఎస్టీతో కలిపి 900 దాటుతుంది. మినిమం డ్యూ కడుతూ పోతే అసలు పెద్దగా కదలదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పాత బాకీ పూర్తిగా తీరనంతవరకు కొత్తగా కొన్న వస్తువుకు వడ్డీ లేని గడువు ఉండదు. ఓడ కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. విదేశీ కరెన్సీలో చెల్లిస్తే చాలా కార్డులు 3.5 శాతం వరకు మార్కప్, అంటే అదనపు రుసుము వేస్తాయి. జీఎస్టీతో కలిపి అదో 990.

మీ ఎఫ్‌డీ మీద ఏడాదికి ఏడు శాతం వస్తుందేమో. కార్డు మీద మీరు కట్టేది నలభై పైమాటే. ఈ వారమే ఎఫ్‌డీలోంచి 22,000 తీసి కార్డు సున్నా చేయండి. గడువుకు ముందే తీసినందుకు పడే కోత ఒక నెల కార్డు వడ్డీ కంటే తక్కువే ఉంటుంది. పాప ఉంది కాబట్టి టర్మ్ పాలసీ కూడా ఈ నెలే తీసుకోండి. వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. దానికి నెలకు వెయ్యి పోయినా 4,500 మిగులుతుంది. ఐదు నెలల్లో ఎఫ్‌డీ మళ్లీ 90,000కు చేరుతుంది. అదీ మీ ఇంటికి రెండు నెలల ఖర్చే. అందుకే ఆ తర్వాత నెలకు 1,500 అందులోనే వేస్తూ, 3,000 మాత్రం ఓడ పేరుతో వేరే ఆర్‌డీలో వేయండి.

ఇక ఓడ. నేనూ ఇలాంటి కిట్లతో ఓడలు చేస్తాను కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువే రాస్తాను.

డబ్బా మీది ధర అసలు ధర కాదు. కస్టమ్స్ సుంకాన్ని కిట్ విలువకు రవాణా, బీమా కలిపి, ఆ మొత్తం మీద లెక్క కడతారు. దాని మీద సర్‌చార్జీ, ఆ పైన ఐజీఎస్టీ (దిగుమతుల మీద పడే జీఎస్టీ), ఆ తర్వాత కొరియర్ వాళ్ల సొంత చార్జీ. రేట్లు మారుతుంటాయి కాబట్టి ధరలో సగం, అంటే 12,000 పక్కన పెట్టుకోమంటాను. మిగిలితే రంగులకు పనికొస్తుంది. చిన్న కంప్రెసర్, దాని గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ కలిపి ఏడు వేలు అనుకోండి. పొడినీ ఆవిరినీ వడగట్టే కార్ట్రిడ్జ్ మాస్కుకు రెండున్నర వేలు. సన్నపళ్ల రంపం, ఆకురాళ్లు, వాటర్ పేపర్, పుట్టీ, ప్రైమర్, రంగులు, జిగురు కలిపి ఇంకో ఐదున్నర వేలు. కిట్ ధర, పైన చెప్పిన విదేశీ చెల్లింపు మార్కప్ ఓ వెయ్యి కూడా కలిపితే మొత్తం 52,000 అవుతుంది.

ఇంత ఖరీదు ఎందుకంటే, రెజిన్ ముక్కల్ని సిలికాన్ రబ్బరు అచ్చులో ఒక్కొక్కటిగా చేత్తో పోస్తారు. కొన్ని పదుల పోతలకే అచ్చు చిరుగుపడుతుంది. బండాయ్ లాంటి పెద్ద బొమ్మల కంపెనీలు ఉక్కు అచ్చుల్లో వేల సంఖ్యలో తీస్తాయి కాబట్టి ప్లాస్టిక్ కిట్ చవక. పైగా దాని ముక్కలు ఒకదానిలో ఒకటి టక్కున కూర్చుంటాయి. రెజిన్ ముక్కలు అలా కూర్చోవు. పోసిన చోట లావుగా మిగిలిన మొండెల్ని రంపంతో కోయాలి, గాలి బుడగల గుంటల్ని పుట్టీతో పూడ్చాలి. ప్లాస్టిక్ కిట్ల జిగురు ప్లాస్టిక్‌ను కరిగించి అతికిస్తుంది, రెజిన్ మీద అది పనిచేయదు. ఫెవిక్విక్ లాంటిదో, అరల్డైట్ లాంటి ఎపాక్సీయో కావాలి.

నా మొదటి రెజిన్ ఓడ రెక్క వంకరగా వచ్చింది. మరిగి దించిన నీళ్లలో రెండు నిమిషాలు ఉంచితే మెత్తబడింది. గాజు పలక మీద పెట్టి వేళ్లతో అదిమి, అలాగే చన్నీళ్లలో ముంచాను. తీసి చూస్తే గీత గీసినట్టు తిన్నగా ఉంది. రెజిన్ గట్టి ముద్ద, బరువు ఎక్కువ. అతుకుకు జిగురొక్కటే చాలదు. రెక్కలోనూ ఒంట్లోనూ ఒక మిల్లీమీటరు రంధ్రం చేసి ఇత్తడి తీగ దూర్చి అతికించాలి. కాకినాడ ఎండల్లో సన్నని ముక్కలు వాటంతటవే కిందికి వాలతాయి, కిటికీ దగ్గర పెట్టకండి. ముసురు రోజుల్లో రంగు కొట్టకండి, పైన తెల్లగా మసక కమ్ముతుంది.

పై ఖర్చుల్లో తగ్గించుకోకూడనిది మాస్కు ఒక్కటే. అరగదీస్తే రెజిన్ బియ్యప్పిండిలా రాలుతుంది. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, పాప ఆడుకునే నేల మీద అసలు పడకూడదు. బాల్కనీలో కూర్చుని, వాటర్ పేపర్‌ను తడిపి నీళ్లలోనే రుద్దండి. ఎయిర్‌బ్రష్ లేకుండా స్ప్రే డబ్బాలతో మొదటి ఓడ చేసుకోవచ్చు, అప్పుడే ఐదారు వేలు తగ్గుతాయి.

కాబట్టి మీ ఆర్‌డీలోంచి మొదట మాస్కు, రంపం, రెండున్నర వేలలో ఒక ప్లాస్టిక్ కిట్ కొనండి. దాని మీద అతుకులు, పుట్టీ, రంగు నేర్చుకోండి. తర్వాత పది పన్నెండు ముక్కలకు మించని చిన్న రెజిన్ ఓడ, సుంకంతో కలిపి పదివేల లోపు. ఈ రెండింటితో చేయి తిరిగాక ఆ జపాన్ ఓడ. అప్పటికి పనిముట్లన్నీ ఇంట్లోనే ఉంటాయి, దానికి 37,000 సరిపోతుంది. మొత్తానికి రెండేళ్లు పట్టొచ్చు.

ఈలోగా అది అయిపోతే? అయిపోవచ్చు, మీ భయం నిజమే. కానీ మూల నమూనా దాచుకున్న చాలామంది మళ్లీ అచ్చు తీస్తారు. ఆయనకు ఒక మెయిల్ రాసి, మళ్లీ పోస్తే చెప్పమనండి. సగం ధరకు వేరొకరు అదే ఓడ అమ్ముతుంటే మాత్రం అటు పోకండి. కిట్ నుంచే అచ్చు తీసి పోసిన దొంగ నకళ్లు చాలా ఉన్నాయి. రెజిన్ గట్టిపడేటప్పుడు కాస్త కుదించుకుపోతుంది. నకలుకు నకలు అయ్యేసరికి గీతలు చెరిగి, ముక్కలు ఒకదానికొకటి కలవవు. చెక్కిన మనిషికి ఒక్క రూపాయి అందదు.

మీ ఆవిడతో మాట్లాడేటప్పుడు 24,000 అని చెప్పకండి. 52,000 కాగితం మీద రాసి చూపించండి. కార్డు తీరిందనీ, పాలసీ వచ్చిందనీ, నెలకు 3,000 దాటదనీ చూపించండి. ఆవిడకూ అంతే డబ్బు, అడగక్కర్లేకుండా, పక్కన పెట్టే మార్గం ఇద్దరూ కలిసి వెతకండి. నాకు మొదటి ఓడకు నాలుగు నెలల ఆదివారాలు పట్టాయి. వాటిలో ఒక్కటీ వృథా అనిపించలేదు.

పార్సిల్ వచ్చాక విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి. ముక్కల్ని సూచనల కాగితంతో సరిచూసుకుని, తగ్గినా విరిగినా ఆ రోజే పంపినాయనకు రాయండి. లెక్క సరిపోయాక గిన్నెలు తోమే లిక్విడ్, పాత టూత్‌బ్రష్ పట్టుకుని ప్రతి ముక్కనూ కడగండి. అచ్చుకు పూసిన జిడ్డు పోకపోతే ప్రైమర్ పొరలా ఊడి వస్తుంది, రంగుల డబ్బు మళ్లీ పెట్టాలి.