పథ్యం పేరుతో పిల్లల కడుపు మాడ్చకండి

‘పోషకాహార లోపం వల్ల మూర్ఛ వస్తుందా?’ అని అడిగారు. ఫిట్స్ వస్తాయి. రక్తంలో చక్కెర, కాల్షియం, మెగ్నీషియం బాగా పడిపోతే ఎవరికైనా రావచ్చు. 1950ల మొదట్లో అమెరికాలో ఒక రకం డబ్బాపాలు తాగిన పసిపిల్లలకు ఫిట్స్ వచ్చాయి. తయారీలో బీ6 విటమిన్ పోయిందని తేలింది, అది ఇస్తే తగ్గిపోయాయి. కానీ మన ఇళ్లలో నేను ఎక్కువగా చూసింది దీనికి తలకిందులు. ముందు మూర్ఛ వస్తుంది, ఆ తర్వాత తిండి లేకుండా చేసేది మనమే.

మా తమ్ముడికి హైస్కూల్లో ఉండగా ఫిట్స్ మొదలయ్యాయి. గుడ్డు వేడి, పెరుగు కఫం, వంకాయ వాతం, మాంసం ఊసే వద్దు అన్నారు పెద్దలు. వాడికి మిగిలింది చారన్నం. ఒకసారి బంధువుల పెళ్లిలో పంక్తిలో కూర్చుంటే, వాడి ఆకులో వేసిన కోడికూరను మా పెదనాన్న అందరి ముందూ తీయించేశాడు. వాడు మారుమాట లేకుండా చారు కలుపుకుని తిని లేచాడు. సాయంత్రం ఫిట్స్ వచ్చాయి. ‘చూశారా, ఆ కూర వాసనకే’ అన్నారు. ముందు రాత్రంతా వాడికి నిద్ర లేదు, పెళ్లి హడావిడిలో మాత్ర వేయలేదు. అది ఎవరికీ పట్టలేదు. పైగా ఎవరో చేతిలో తాళాల గుత్తి పెట్టారు. ఇనుముతో ఫిట్స్ ఆగవండీ! పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చేయాల్సింది అది.

తర్వాత చూపించిన న్యూరాలజిస్టు వాణ్ణి మొదట అడిగింది ‘ఏం తింటున్నావు?’ అని. వాడు వాడే ఫెనిటాయిన్ అనే ఫిట్స్ మందు వల్ల చిగుళ్లు పెరిగి నమలడమే కష్టమైంది. ఆ మందు ఒంట్లో డి విటమిన్‌ను, ఫోలేట్ అనే బీ విటమిన్‌ను కూడా తగ్గిస్తుంది. తిండి సరిగా లేక రక్తంలో ఈ మందును పట్టి ఉంచే అల్బుమిన్ అనే ప్రోటీన్ తగ్గితే, మామూలు మోతాదు కూడా ఎక్కువై మనిషి తూలుతాడు. అలాంటి పిల్లాడికి గుడ్డు మానిపించాం! ఆయన పథ్యమంతా తీసేయమన్నారు.

మరొకటి. మన దేశంలో మూర్ఛకు పెద్ద కారణాల్లో ఒకటి మెదడులో చేరే బద్దెపురుగు (టేప్‌వర్మ్) తిత్తులు. దాని గుడ్లు మురికి చేతుల నుంచి, కడగని ఆకుకూరల నుంచి కడుపులోకి వెళ్తాయి. శాకాహారులకూ వస్తుంది. పథ్యం చెప్పే పెద్దలు కొత్తిమీర బాగా కడగమని చెప్పగా నేనెప్పుడూ వినలేదు.

మీ ఇంట్లో ఎవరైనా ఏళ్లుగా మూర్ఛ మాత్రలు వాడుతుంటే డి విటమిన్ పరీక్ష గురించి డాక్టర్‌ను అడగండి. తిండి బాగుపడింది కదా అని మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి.