సందేహాలు – సమాధానాలు: పెద్దవారికి మోటారు వీల్‌చెయిర్

ప్రశ్న: మా మామగారికి 76 ఏళ్లు. గత ఏడాది పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు స్వాధీనం తప్పాయి. మనిషి పట్టుకుంటే నిలబడగలరు, నాలుగడుగులు వేయగలరు. చెన్నై పశ్చిమ మాంబళంలో ఒక పాత అపార్ట్‌మెంటులో, రెండో అంతస్తులో ఉంటున్నాము. చిన్న లిఫ్టు ఉంది. ఇంట్లో తిరగడానికీ, వారానికోసారి టి.నగర్ వెంకటనారాయణ రోడ్డులోని దేవస్థానం వారి గుడికి వెళ్లడానికీ మోటారు వీల్‌చెయిర్ కొనాలనుకుంటున్నాము. దుకాణంవారు ఒక్క ఛార్జికి 20 కిలోమీటర్లు వెళ్లేదని ఒకటి చూపించారు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: 20 కిలోమీటర్ల మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీ మామగారు ఆ కుర్చీలో రోజూ గంటల తరబడి కూర్చుంటారు. అందులో చక్రాలు కదిలే సమయం చాలా తక్కువ. కూర్చోవడానికీ, లేవడానికీ అనువుగా లేకపోతే ఎంత మంచి మోటారు ఉన్నా ఆ కుర్చీ మూలన పడుతుంది.

అన్నిటికంటే ముందు, దాన్ని ఆయన స్వయంగా నడపగలరా అన్నది తేల్చుకోవాలి. పక్షవాతం ఎడమవైపు వచ్చిందంటే సాధారణంగా దెబ్బతిన్నది మెదడు కుడి భాగం. అలాంటివారిలో కొందరికి, చూపు బాగానే ఉన్నప్పటికీ, ఎడమవైపు ఉన్నవాటి మీద ధ్యాస నిలవదు. కంచంలో ఎడమ పక్కన వడ్డించిన కూర ముట్టకుండానే భోజనం ముగించి లేస్తారు. గడ్డం గీసుకుంటూ ఎడమ చెంప వదిలేస్తారు. అడిగితే తమకేమీ ఇబ్బంది లేదనే అంటారు, ఆ లోపం వారికి తెలియదు కాబట్టి. ఇటువంటి వారి చేతికి జాయ్‌స్టిక్ (కుర్చీని నడిపే చిన్న పిడి) ఇస్తే ఎడమ చక్రం ప్రతి గుమ్మానికీ తగులుతుంది, వీధిలో ఎడమ పక్కనుంచి వచ్చే ఆటోను వారు గమనించరు. కొన్నాళ్లు భోజనాల వేళ మీరు పరిశీలనగా చూడండి. ఆ తరువాత కె.కె.నగర్‌లోని ప్రభుత్వ పునరావాస వైద్య సంస్థలో గాని, ఆయనకు చికిత్స చేసిన ఆసుపత్రిలో గాని ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా తర్ఫీదు ఇచ్చే నిపుణులు) చేత పరీక్ష చేయించండి. నడపడం క్షేమం కాదని తేలితే, వెనుక నిలబడినవారు నడిపేందుకు వీలుగా జాయ్‌స్టిక్ అమర్చిన మోడళ్లు దొరుకుతాయి. అయితే ఆ నిర్ణయం ఆయన లేనప్పుడు తీసుకోకండి. కుర్చీ ఆయనది, మాటా ముందు ఆయనతోనే జరగాలి.

ఇక ఇల్లు. టేపు తీసుకుని మొదట లిఫ్టు కొలవండి. మన దేశపు ప్రమాణాల ప్రకారం నలుగురు ఎక్కే లిఫ్టు, అంటే 272 కిలోలు మోసేది, లోపల 110 సెంటీమీటర్ల వెడల్పు, 70 సెంటీమీటర్ల లోతు మాత్రమే ఉంటుంది. ఆరుగురి లిఫ్టులో లోతు 100 సెంటీమీటర్లు. పాదాలు ఆనించే పలకలతో కలిపి మోటారు కుర్చీ పొడవు చాలావరకు మీటరుకు తగ్గదు. కాబట్టి ఆరుగురి లిఫ్టయితే ఆ పలకలు పక్కకు తిరిగే కుర్చీ కావాలి. నలుగురిదే అయితే మడిచే కుర్చీ తప్ప మరో మార్గం లేదు. ఆయన నాలుగడుగులు వేయగలరన్నారు కాబట్టి, ఒకరు పట్టుకుని లిఫ్టులో నిలబెడితే కుర్చీని మడిచి మరొకరు తీసుకురావచ్చు. లిథియం బ్యాటరీతో మడిచే రకాలు ఇంచుమించు 25 నుంచి 30 కిలోల బరువుంటాయి, కారు డిక్కీలోకి ఎత్తడానికి ఇద్దరు కావాలి. గ్యాస్ సిలిండరు అమర్చిన ట్యాక్సీలో వెనుక చోటు ఉండదని గుర్తుంచుకోండి. స్నానాల గదిలోకి మాత్రం మోటారు కుర్చీని తీసుకెళ్లవద్దు. అక్కడికి వేరే కుర్చీ ఏర్పాటు చేయండి.

దుకాణంలో ఎవరూ చెప్పని విషయం ఒకటి చెబుతాను. కుర్చీలోంచి మంచం మీదికి మారేటప్పుడు బలం ఉన్న వైపుకు, అంటే ఆయన కుడివైపుకు, జరగడం సులువు. కుడి చెయ్యే పనిచేస్తోంది కనుక జాయ్‌స్టిక్ ఉండేదీ అటే. చెయ్యి ఆనించుకునే పట్టీ పైకి లేవకపోయినా, జాయ్‌స్టిక్ పక్కకు తొలగకపోయినా అదే ఆయనకు అడ్డుగోడ అవుతుంది. ఆ రెండూ కదులుతాయో లేదో మీరే కదిపి చూడండి. సీటు వెడల్పు తుంటి కొలతకు ఇరువైపులా అంగుళం చొప్పున ఎక్కువ ఉంటే చాలు. మోకాలి వెనుక రెండు మూడు వేళ్లు పట్టే సందు మిగలాలి. పుండ్లు పడకుండా మంచి మెత్త తప్పనిసరి, దాని ఖర్చు తగ్గించుకోవద్దు.

గేటు దగ్గర మెట్లకు ర్యాంపు వేయిస్తే ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలి. జాయ్‌స్టిక్ వదలగానే కుర్చీ ఆగి బ్రేకు పడుతుంది. అయితే చేత్తో తోయడానికి మోటారును విడదీసే మీట ఒకటి ఉంటుంది. ఆ మీట వేసినప్పుడు ఆ బ్రేకు పనిచేయదు. ర్యాంపు మీద దాన్ని తాకవద్దని పనిమనిషితో సహా అందరికీ చెప్పండి.

మెరీనా ఎదుట కామరాజర్ సాలైలోని మ్యూజియం ఆఫ్ పాసిబిలిటీస్‌లో ఇలాంటి సహాయ పరికరాలు ప్రదర్శనకు పెట్టారు. వీలైతే మామగారిని తీసుకుని ఒకసారి వెళ్లిరండి. నచ్చిన రకం అద్దెకు దొరికితే కొన్నాళ్లు ఇంట్లో వాడి చూసి, అప్పుడు కొనండి.

ప్రశ్న: మా అమ్మగారి మోటారు కుర్చీని వాడేదే తక్కువ. అయినా ఏడాది తిరగకుండానే ఛార్జి నిలవడం లేదు. ఎందుకు?
– ఒక పాఠకుడు, పెరంబూరు

జవాబు: మీ కుర్చీలోవి సీసం బ్యాటరీలైతే, తక్కువ వాడడమే కారణం కావచ్చు. ఛార్జి తగ్గిన స్థితిలో వారాల తరబడి వదిలేస్తే వాటి పలకల మీద సల్ఫేటు గట్టిపడి, మళ్లీ ఛార్జిని నిలుపుకోలేవు. చెన్నై వేడి ఆ నష్టాన్ని మరింత తొందరపెడుతుంది. వాడిన ప్రతిసారీ రాత్రి పూర్తిగా ఛార్జి చేయండి, వాడకపోయినా మధ్యమధ్య ఛార్జి పెట్టండి. సాధారణంగా 12 వోల్టులవి రెండు కలిపి 24 వోల్టులుగా పనిచేస్తాయి కాబట్టి మార్చేటప్పుడు రెండూ ఒకేసారి, ఒకే రకానివి మార్చాలి. ఒకటి మాత్రమే కొత్తది వేస్తే, పాతదాని వల్ల అదీ త్వరగా పాడవుతుంది.